కొక్కూ క్రూకొక్కమూ

పెరట్లోకి పందికొక్కు రావడానికి కారణం వర్షం. వచ్చిన కొక్కు అక్కడే కాపురం పెట్టడానికి కారణం సత్తిరాజు. సత్తిరాజు ఒక మూగజీవికి అంత ఆశ్రయం ఇవ్వడానికి కారణం భూతదయ కాదు, క్యారమ్స్. ఈ మూడింటినీ వరస తప్పించి చెబితే ఆ మనిషికి అన్యాయం జరుగుతుంది. వరసలో చెబితే పరువు పోతుంది. అన్యాయం కంటే అదే నయం.

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో సత్తిరాజులు ముగ్గురున్నారు. వ్యాగన్ల మరమ్మతు కర్మాగారంలో రంగులు వేసే ఆయన రంగు సత్తిరాజు. చక్రాల దగ్గరుండే ఆయన చక్రాల సత్తిరాజు. పాతికేళ్ల కిందట పలాస నుంచి వచ్చి బ్రేకుల విభాగంలో చేరిన ఆయన బ్రేకు సత్తిరాజు. ఈ మూడో పేరును తోటివాళ్లు ఆయన ఉద్యోగం చూసి పెట్టారు. స్వభావం చూసి పెట్టారని ఆయన భార్య సుభద్ర నమ్మకం. ఇంట్లో ఏ పని చెప్పినా, బండి కదలకముందే ఆయనకు బ్రేకు పడుతుంది.

వాళ్ల క్వార్టరు వెనక నాలుగు నులకమంచాలు పట్టేంత మట్టి పెరడు ఉంది. సుభద్ర ఆ కాలనీలోనే పుట్టి పెరిగింది. పుట్టింటి క్వార్టరులో చిక్కుడు పందిరి కింద కూర్చుని చదువుకున్న మనిషి కనక, తన పెరట్లోనూ అలాంటి పందిరి ఒకటి ఉండాలని పెళ్లయిన నాటి నుంచీ అడుగుతోంది. మట్టి తవ్వాల్సింది సత్తిరాజు కాబట్టి ఆ కోరిక ప్రతి ఏడూ తొలకరిలో మొలిచి, ఆదివారం మధ్యాహ్నం ఆయన నిద్రలో ఎండిపోయేది.

సత్తిరాజుకూ పెరటి మీద ఒక కోరిక ఉంది. సాయంత్రాలు ఆయన స్ట్రైకరు నాగబాబుతో అక్కడ క్యారమ్స్ ఆడతాడు. బోర్డు కింది స్టాండు ఒక కాలు మెత్తటి మట్టిలో దిగబడటంతో కాయిన్లన్నీ నాగబాబు వైపు జారేవి. సత్తిరాజు ఎదుటివాడి కాయిన్లు కూడా కష్టపడి కన్నంలో వేసేవాడు. సిమెంటు గచ్చు వేస్తేనే తప్ప భూమ్మీద తనకు న్యాయం జరగదని ఆయన తేల్చుకున్నాడు. ఎటొచ్చీ సుభద్ర ఒప్పుకోవాలి.

ఆ యేడు తొలివానకు కాలనీ మురుగుకాలువ పొంగింది. మర్నాడు పెరటి గోడ మూల ఒక కన్నమూ, కన్నం ముందు బుట్టెడు కొత్త మట్టీ కనిపించాయి. సాయంత్రానికి ఇంటి యజమాని కూడా కనిపించింది. పిల్లి కంటే కాస్త చిన్నది, ఎలుక కంటే చాలా గర్విష్ఠి. తిల్దా రైసుమిల్లుల దగ్గర వ్యాగనెక్కి, ఆ వ్యాగను మరమ్మతుకు వస్తే దాంతోపాటు టికెట్టు లేకుండా దిగిందని సత్తిరాజు నిర్ధారించాడు. దాని ఒంటి నిగారింపే ఆధారమన్నాడు.

ఆ కన్నంలోంచే ఆయనకు ఒక ఉపాయం కూడా బయటికి వచ్చింది. కొక్కు ఉన్న చోట కూరపాదు బతకదు. కూరపాదు బతకని చోట సిమెంటే శరణ్యం.

"సుభద్రా, ఇంక చిక్కుడు మాట మర్చిపో. పందికొక్కు వచ్చీసింది."

"వస్తే వచ్చింది. ఇంట్లో ఒకదాన్ని పెంచడం లేదూ?"

"ఏర్లు కొరికీస్తుందే!"

"ఇంట్లోది బుర్ర కొరుకుతోంది. బతికే ఉన్నాను కదా."

వాళ్లమ్మాయి భావన వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల గురించి ఆ మధ్యే పాఠం విని ఉండటంతో, తల్లి పక్షాన అది కూడా యుద్ధంలోకి దిగింది. మర్నాడు ఒక నల్లటి పొడి ప్యాకెట్టు తెచ్చింది.

"అమ్మా, ఇది మట్టిలో కలిపి గింజలు వేయి. ఇందులో బ్యాక్టీరియా ఉంది. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి, మొక్కకు ఎరువుగా చేసి పెడుతుంది."

"గాలిని పట్టి ఎరువు చేస్తుందా?" అన్నాడు సత్తిరాజు. "గాలి కబుర్లు!"

"మీ వ్యాగను బ్రేకులు దేంతో పడతాయి?" అంది సుభద్ర.

"గాలితో."

"బస్, చాలు. కూర్చోండి."

కూర్చున్నాడు గానీ ఊరుకోలేదు. "ఒసే భావనా, ఏదైనా పోల్చి చూడాలి. నా కొక్కు కిలో బరువుంటుంది. నీ బ్యాక్టీరియా ఎంతుంటుంది?"

"బరువు చెప్పడం కష్టం నాన్నా. చిటికెడు మట్టిలో లెక్కపెట్టలేనన్ని ఉంటాయి."

"అదీ సంగతి. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన. నా కొక్కు ఒక్కత్తే ఒక్క రాత్రిలో బుట్టెడు మట్టి తోడింది. నీ మంది అంతా కలిసి ఎంత తోడారు?"

"తోడటం వాటి పని కాదు."

"చూశావా, పని చెప్పగానే అది నా పని కాదంటన్నాయి!"

"అవి చప్పుడు చేయవు, గోడలు కూల్చవు, ఆదివారం పూట మంచమెక్కవు," అంది సుభద్ర.

"ఆదివారం పడుకుంటే తప్పేటి?"

"అరే, నేను కొక్కుని అన్నాను. మీరెందుకు మీద వేసుకుంటారు?"

మాటకు మాట పెరిగి పందెమైంది. సుభద్ర పెరట్లో చిన్న మడి చేసి చిక్కుడు వేస్తుంది, మట్టిలో బ్యాక్టీరియా కలుపుతుంది. దసరాకల్లా తీగ పందిరెక్కేంత ఎదిగితే పెరడు ఆమెది, ఆదివారాలు పార పట్టాల్సింది ఆయన. కొక్కు పాదును పెకలిస్తే పెరడంతా సిమెంటు, క్యారమ్స్ ఆడినంతసేపూ అడగకుండా టీ. ఇరుపక్షాలూ భావన చేతిలో చేయి వేసి ఒప్పుకున్నాయి. కొక్కును, బ్యాక్టీరియాను ఎవరూ సంప్రదించలేదు.

సుభద్ర పూజ చేసుకుంటుండగా సత్తిరాజు ఆ ప్యాకెట్టును పరిశీలించాడు. దాని మీద హిందీలో ఆ బ్యాక్టీరియా పొడుగాటి శాస్త్రీయ నామం ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని ఎలా పలుకుతారో తెలియదు గానీ, హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివే ఆయనకు చివరి మాట క్రూకొక్కం అని తేలింది. క్రూ అంటే రైల్వేలో బండి నడిపే జట్టు. కొక్కం అంటే, సందేహమేముంది, కొక్కు! కొక్కుల మీదికి జట్టుగా దాడికి పోయే మందు ఇది. నత్రజని, గాలి, చదువు అని చెప్పి తల్లీకూతుళ్లు తన కొక్కుకు విషం పెట్టబోతున్నారు!

పందెం మైకంలో ఉన్నవాడికి తర్కం చాలా సాఫీగా నడుస్తుంది. ఆయన ఆ పొడినంతా తీసుకుపోయి, కొక్కు కన్నానికి బాగా దూరంగా, గచ్చు వేయదలచిన రెండో మూల చెత్తకుప్ప మీద దులిపేశాడు. ప్యాకెట్టు నిండా ఇస్త్రీపెట్టె బొగ్గుల పొడి నింపి, ఎప్పటిలాగే మడిచిపెట్టాడు. సుభద్ర పూజ ముగించి వచ్చి, ఆ బొగ్గుపొడినే ఎంతో శ్రద్ధగా మట్టిలో కలిపి, గింజలు నాటి, పసుపునీళ్లు చల్లి దణ్ణం పెట్టింది.

ఇక మిగిలింది కొక్కును మడి వైపు మళ్లించడం. రోజూ చీకటి పడేవేళకు సత్తిరాజు గుప్పెడు వేరుశనగ పప్పులు, బెల్లం ముక్కా తీసుకెళ్లి చిక్కుడు మడిలో పెట్టేవాడు. "దా దొరా, దా నాయనా, ఇక్కడ తవ్వు" అని బతిమాలేవాడు. నాలుగు రోజులకే కొక్కు ఆయన గొంతు గుర్తుపట్టడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి చేతిలోంచే తీసుకుని తినసాగింది. పెళ్లయ్యాక తన మాట విని బయటికొచ్చిన ప్రాణి ఇదొక్కటేనని సత్తిరాజుకు కళ్లు చెమర్చాయి కూడా.

అయితే కార్యానికి కారణం ఎంత ముఖ్యమో, కడుపుకు ఆకలి అంత ముఖ్యం. బెల్లమూ పప్పులూ తిన్న కొక్కు చేదు చిక్కుడు వేరు ఎందుకు కొరుకుతుంది? తిన్నది అరగడానికి మాత్రం మడి చుట్టూ సొరంగాలు తవ్వింది. మట్టి గుల్లబారింది, వాననీరు ఇంకింది, చిక్కుడు తీగలు బొగ్గుపొడిని కూడా పట్టించుకోకుండా పైకి పాకాయి. అటు చెత్తకుప్ప మీద, సుభద్ర ఎప్పుడో పారేసిన గుమ్మడి గింజలు క్రూకొక్కం బలంతో మొలిచి, గచ్చు రావాల్సిన జాగానంతా ఏనుగు చెవులంత ఆకులతో కప్పేశాయి. ఒక సాయంత్రం నాగబాబు కొట్టిన స్ట్రైకరు ఎగిరి ఆ ఆకుల్లో పడింది. మళ్లీ దొరకలేదు.

"ఏవండీ, ఆ మూల గుమ్మడి ఎవరు వేశారు?" అంది సుభద్ర.

"దేవుడు."

"దేవుడు మీకంటే బాగా పని చేస్తాడు."

దసరా దగ్గర పడింది. నెగ్గే దారి కనపడక సత్తిరాజు ఆఖరి అస్త్రం తీశాడు. ఇంట్లో కొక్కు తవ్వుతోందని కాలనీ మరమ్మతుల ఆఫీసులో చెబితే, గోడ కూలుతుందన్న భయంతో వాళ్లే వచ్చి పెరడంతా సిమెంటు చేస్తారు. పందెం ఓడినా పెరడు దక్కుతుంది. ఇలా అనుకుని ఉదయమే కూరలబండి ఆమెను పందికొక్కును హిందీలో ఏమంటారని అడిగాడు. ఘూస్ అంటారని చెప్పింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హిందీలో ఘూస్ అంటే పందికొక్కు, నిజమే. ఘూస్ అంటే లంచం కూడా. మొదటి అర్థం పెరట్లో పలుకుతుంది, రెండోది ఆఫీసుల్లో పలుకుతుంది. సత్తిరాజుకు లంచమంటే రిష్వత్ అని తెలుసు. ఘూస్ ఆ ఉదయమే కొత్తగా నేర్చుకున్న మాట, నేర్చుకున్న దాన్ని తిన్నగా ఆఫీసుకే తీసుకెళ్లాడు. పైగా పాతికేళ్లుగా హిందీ మాట్లాడుతున్నా విభక్తులంటే ఆయనకు గిట్టదు. తెలుగులో కొక్కుకు అనేటప్పుడు ఉండే ఆ చివరి కు, హిందీలో కో అవుతుంది. హిందీ మాట్లాడేటప్పుడు ఆ కోను ఆయన దాదాపు ఎప్పుడూ మింగేస్తాడు.

ఆఫీసు గుమాస్తా సాహూ నెమ్మదస్తుడు. కాగితం దగ్గరికి జరుపుకుని ఏమిటని అడిగాడు.

"సాహూజీ, మేరే ఘర్ మే ఘూస్ ఆగయా."

ఇంట్లోకి ఘూస్ వచ్చిందనగానే సాహూ కలం ఆగింది. అటూ ఇటూ చూసి, "ధీరే బోలియే," అన్నాడు.

మెల్లగా ఎందుకో సత్తిరాజుకు అర్థం కాలేదు. "ధీరే క్యోఁ? బహుత్ బడా ఘూస్ హై. పూరా కాలనీ దేఖా." చాలా పెద్దది, కాలనీ అంతా చూసిందని గొప్పగా చెప్పాడు.

"కహాఁ సే ఆయా?" ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాడు సాహూ.

"తిల్దా సే. రైస్ మిల్ వాలా."

తిల్దా రైసుమిల్లు నుంచి అనగానే సాహూ లేచి తలుపు మూశాడు. ఇందులో మీ పాత్ర ఏమిటని గొంతు తగ్గించి అడిగాడు. కొక్కు పట్ల ఇంత శ్రద్ధ చూపిన గుమాస్తాను సత్తిరాజు అంతవరకు చూడలేదు. ఉత్సాహం ఆపుకోలేకపోయాడు.

"మై? మై రోజ్ ఘూస్ ఖిలాతా హూఁ. అప్నే హాథ్ సే!"

ఘూస్ కో ఖిలాతా హూఁ అంటే కొక్కుకు తిండి పెడుతున్నానని అర్థం. కో తీసేస్తే, రోజూ నా చేతులతో లంచాలు తినిపిస్తున్నానని అర్థం.

"ఆప్ లోగ్ ఊపర్ సే సిమెంట్ డాల్ దీజియే," అని ముగించాడు సత్తిరాజు. "సబ్ దబ్ జాయేగా."

పైనుంచి సిమెంటు పోస్తే అంతా అణిగిపోతుందన్న ఆ మాట విన్నాక సాహూ మంచినీళ్లు తాగాడు. ఆ తరవాత తిన్నగా, లంచాల కేసులు చూసే ఇన్‌స్పెక్టర్ మిశ్రా గదిలోకి పరుగెత్తాడు.

సాయంత్రం ఆ ఇద్దరూ సత్తిరాజు ఇంటికి వచ్చారు. మిశ్రా సాహెబు మీసం, నడక, మౌనం అన్నీ విచారణకే పుట్టినట్టుంటాయి. వరండాలో కుర్చీ వేయించుకుని, ఘూస్ ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఎవరెవరు తిన్నారు అని హిందీలో వరసగా అడిగాడు. సిమెంటు కొలతలకు వచ్చారనుకుని టేపుతో ఎదురొచ్చిన సత్తిరాజుకు, అప్పుడు గానీ ఎక్కడో పట్టాలు తప్పిందని తట్టలేదు.

"సాబ్, వో ఘూస్ తో జాన్వర్ హై!" అది జంతువండీ బాబూ, అని మొత్తుకున్నాడు.

మిశ్రా గంభీరంగా తలాడించాడు. ఘూస్ తినేవాడు జంతువేనని తానూ ఒప్పుకుంటానన్నాడు. పేరు చెప్పమన్నాడు.

"దొర," అన్నాడు సత్తిరాజు, నోరు జారి.

దొరా అనే పెద్దమనిషి ఏ ఊరివాడని సాహూ అడిగాడు. ఆ ప్రశ్నతో సత్తిరాజుకున్న కొద్దిపాటి హిందీ కూడా గాలి తీసిన బ్రేకులా అయిపోయింది. చెమటలు కక్కుతూ సుభద్ర వైపు తిరిగాడు. ఆమె గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆ కాలనీలో పుట్టిన మనిషి, హిందీ ఆమెకు మాతృభాషకు పినతల్లి కూతురు. అయినా ఇంతవరకూ పెదవి కదపలేదు.

"సుభద్రా, చెప్పవే! ఉద్యోగం పోయేలా ఉంది!"

"ఏం చెప్పను?" అంది తెలుగులో, మిశ్రా వైపు చూసి మర్యాదగా నవ్వుతూ.

"అది కొక్కని చెప్పు. నేను పెట్టింది కొక్కు మేతని చెప్పు."

"మేతా? ఎప్పుడు పెట్టారు?"

సత్తిరాజు నేల చూశాడు. "రోజూ."

"ఎక్కడ?"

"నీ మడిలో."

"అచ్ఛా! మరి భావన తెచ్చిన పొడి?"

"చెత్తకుప్ప మీద పోసీసాను. నువ్వు కలిపింది ఇస్త్రీ బొగ్గులే. ఇంక చెప్పవే తల్లీ!"

ఈ తెలుగేమీ అర్థంకాని మిశ్రా, ఏం జరుగుతోందని గద్దించాడు. సుభద్ర చేతులు జోడించి, "ఏక్ మినిట్ సాహెబ్, హిసాబ్ హో రహా హై," అంది.

లెక్కలు తేలుతున్నాయన్న మాట వినగానే సాహూ కలం తీశాడు.

"పెరడెవరిది?" అంది సుభద్ర.

"నీదే."

"పార?"

"పార కూడా నీదే."

"పార నాది కాదు. ఆదివారం పూట పార ఎవరిది?"

"నాదే! నాదే! పందిరి కూడా నేనే వేస్తాను!"

"మీ దొర?"

సత్తిరాజు పెరటి వైపు చూశాడు. "అది ఒక మూల పడుంటుందే. పాపం, ఏటి చేసింది?"

"పాపమే. అందుకే సొంతూరికి పంపాలి. తిల్దా తీసుకెళ్లి పొలాల్లో వదలాలి. మీ చేత్తోనే."

మిశ్రా లేచి నిలబడ్డాడు. సత్తిరాజు చేతులెత్తేశాడు. "సరే. సరే అన్నాను కదా!"

సుభద్ర చెంగు సర్దుకుంది. ఆమె మిశ్రా ఎదుటికి వచ్చి, ఒక్కటంటే ఒక్క వాక్యం చెప్పింది.

"సాహెబ్, యే 'కో' భూల్ గయే."

ఈయన కో మరిచిపోయారు. అంతే. మిశ్రా ఆ కోను సత్తిరాజు మాటల్లో పెట్టి చూసుకున్నాడు. ఘూస్ కో ఖిలాతా హూఁ. మీసం ఒకసారి వణికింది. కానీ విచారణకు వచ్చినవాడు కనక సాక్ష్యం కావాలన్నాడు. ఘూస్ నిజంగా జంతువైతే దాన్ని హాజరుపరచాలి.

పెరటి గోడ మీద అప్పటికే కాలనీ తలలు వరసగా తేలాయి. వాటిలో నాగబాబు తల మరీ ఉత్సాహంగా ఉంది. సత్తిరాజు గుప్పెట్లో పప్పులూ బెల్లమూ పట్టుకుని కన్నం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అధికారుల సమక్షంలో, అణిగిన గొంతుతో పిలిచాడు.

"దా దొరా. దా నాయనా."

ఏమీ రాలేదు.

"ఇంట్లో పిలిచినట్టు పిలవండి," అంది సుభద్ర.

"దా బంగారం! బెల్లం తెచ్చాను!"

దొర వచ్చింది. వెనక ఐదు పిల్లలూ వచ్చాయి. ఇన్నాళ్లూ దొర అనుకున్నది దొరసాని. ఆ పిల్లలు ముందూ వెనకా చూడకుండా సత్తిరాజు మోకాళ్లెక్కి, చొక్కా జేబులోకి దూరి, మిగిలిన పప్పులు వెతుక్కున్నాయి. మిశ్రా సాహెబు వంగి చూశాడు. ఈ ఉద్యోగంలో తానెన్నో ఘూస్ వ్యవహారాలు చూశాను గానీ, ఘూస్ వచ్చి మనిషి జేబులో దూరడం కళ్లారా చూడటం ఇదే మొదలని చెప్పి, సాహూను తీసుకుని వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగాక ఇద్దరూ నవ్విన నవ్వు ఆ చివరి క్వార్టరు దాకా వినిపించింది.

తరవాతి ఆదివారం పార కంటే ముందు ప్రయాణం పడింది. కర్మాగారంలో పాత ఊచలతో చేయించిన పెద్ద బోను. దాన్లోకి కొక్కుల్ని పట్టడానికి ఎరగానీ వలగానీ అక్కర్లేకపోయింది. సత్తిరాజు పిలిస్తే చాలు, కుటుంబసమేతంగా ఎక్కి కూర్చున్నాయి. బోను మీద సుభద్ర పాత దుప్పటి కప్పింది. ఆయన వదలకుండా వెనక్కి తెచ్చేస్తాడేమోనన్న అనుమానంతో తానూ వెంట బయలుదేరింది.

తిల్దా వెళ్లే ప్యాసింజర్లో సత్తిరాజు బోనును ఒళ్లో పెట్టుకుని, దుప్పటి కిందినుంచి ఒక్కొక్క పప్పూ అందిస్తూ కూర్చున్నాడు. దారిలో టికెట్టు కలెక్టరు ఎక్కాడు. టికెట్లు చూశాడు, కదులుతున్న దుప్పటినీ చూశాడు.

"ఇస్ మే క్యా హై?"

ఇందులో ఏముంది? సత్తిరాజు నోరు తెరిచాడు. మాట నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. రైల్లో, అధికారి ఎదుట, ఒళ్లో పెట్టుకుని, ఆ మాట! నోరు మూశాడు. సుభద్ర వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి వరిచేలు చూస్తోంది.

"క్యా హై, భాయ్?"

"బ్యాక్టీరియా," అన్నాడు సత్తిరాజు. "మిట్టీ కా బ్యాక్టీరియా, సాబ్."

దుప్పటి అంచు పైకి లేచింది. మీసాలున్న ముట్టె ఒకటి బయటికొచ్చి టికెట్టు కలెక్టరును ఎగాదిగా చూసింది.

"ఇత్నా బడా?" ఇంత పెద్దదా అని నోరు తెరిచాడు.

సుభద్ర కిటికీ నుంచి తల తిప్పింది.

"క్యా కరేఁ సాహెబ్," అంది, "ఇన్హోనే ఇస్ కో బహుత్ ఖిలాయా."

ఏం చేస్తాం, ఈయన దీనికి బాగా తినిపించారు అంటూ, కో ను మాత్రం బాగా ఒత్తి పలికింది.